కారు స్క్రీన్‌లో ‘వారంటీ లేదు’ అని రాసి ఉంది. 14 లక్షలు పెట్టి ఫ్రీ సాఫ్ట్‌వేర్ కొన్నానా?

చెరువుగట్టు_బుజ్జి
కారు కొని ఎనిమిది నెలలు. మొన్న ఆదివారం వానలో పాలకొల్లు నుంచి వస్తుంటే ఏదో అప్‌డేట్ ఉందని స్క్రీన్ అడిగింది, సరే అని నొక్కాను. అప్పటి నుంచి రివర్స్ కెమెరా ఓసారి వస్తుంది, ఓసారి రాదు. మా ఇంటి దారికి ఒక పక్క చెరువు, రెండో పక్క పంటబోదె. బండి వెనక్కి తీయాలంటే మా ఆవిడ దిగి చెయ్యి ఊపాల్సి వస్తోంది.

రాత్రి నిద్రపట్టక కారులో కూర్చుని సెట్టింగ్స్ అన్నీ తిరగేశాను. అట్టడుగున ‘ఓపెన్ సోర్స్ లైసెన్సులు’ అని ఒకటి ఉంది. తెరిస్తే అంతే లేదు. వేలు నొప్పి పుట్టేదాకా జరిపాను. పేర్లు, ఈమెయిళ్ళు, మధ్యమధ్యలో ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ‘ఈ ప్రోగ్రాముకు ఏ వారంటీ లేదు’ అని. ఒకచోట కాదు, పదిచోట్ల.

షోరూముకు ఫోన్ చేస్తే అక్కడి కుర్రాడు ‘అది ఫ్రీ సాఫ్ట్‌వేరండి, అన్ని కార్లలోనూ ఉంటుంది’ అన్నాడు. 14 లక్షలు తీసుకుని ఫ్రీ సరుకు పెట్టి, పైగా పూచీ లేదని రాసుకుంటారా? రొయ్యల మేత బస్తాలో ఊక కలిపి ‘ఊకకి మాకు సంబంధం లేదు’ అని బస్తా మీదే అచ్చు వేసినట్టుంది. వినియోగదారుల ఫోరానికి వెళ్ళొచ్చా?

కాజా_కాకినాడ
తమరు రొయ్యలు వారంటీ ఇచ్చే అమ్ముతున్నారా?

చెరువుగట్టు_బుజ్జి
కౌంట్ (కేజీకి వచ్చే రొయ్యల లెక్క) తేడా వస్తే కొనేవాడు అక్కడికక్కడే రేటు కోసేస్తాడండి. వారంటీ కంటే గట్టిది అది.

వేదిక_కాపరి
కారు కంపెనీ పేరు, షోరూము పేరు ఎవరూ రాయొద్దు. పోయినసారి ఇన్వర్టర్ల చర్చలో జరిగింది చాలు.

గూడెం_డీజిల్
నా 2009 బండిలో స్క్రీనే లేదు. వెనక్కి తీయాలంటే తల తిప్పుతాను. ఆయ్.

గోదారోడు_బెంగళూరు
బుజ్జి గారూ, ఫోరం సంగతి తర్వాత చూద్దాం. నేను కార్ల స్క్రీన్లు చేసే ఒక సప్లయర్ దగ్గర పనిచేస్తాను, సొంతూరు మండపేట పక్కన. ఆ ‘వారంటీ లేదు’ అన్నది కారు కంపెనీ మీకు చెప్పిన మాట కాదు. ఆ కోడ్ రాసి, ఎవరైనా చదివి వాడుకోవచ్చని బయటపెట్టినవాళ్ళు (ఓపెన్ సోర్స్ అంటే అదే) దాన్ని పట్టుకెళ్ళి వాడుకునేవాళ్ళకి చెప్పిన మాట. ‘ఊరికే ఇస్తున్నాం, తీసుకో, తేడా వస్తే మా ఇంటి మీదకు రాకు’ అని. ఆ లైసెన్సు కాగితం సరుకుతో పాటు కొన్నవాడి దాకా వెళ్ళాలన్నది కూడా వాళ్ళ షరతే, అందుకే మీ స్క్రీన్‌లోకి వచ్చింది. మీకు బిల్లు ఇచ్చింది కంపెనీ కాబట్టి కెమెరా పూచీ కంపెనీదే. ‘అది ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అని షోరూములో తప్పించుకుంటే ఊరుకోవద్దు.

ఇక ఫ్రీ సరుకు ఎందుకంటే... ఇదివరకు ఒక్కో కంపెనీ తన పాటల పెట్టెకి తనే సాఫ్ట్‌వేర్ రాయించుకునేది. ఫోన్లు ఏటేటా మారిపోతుంటే కారు స్క్రీన్ మాత్రం పుట్టుకతోనే ముసలిదై వచ్చేది. బ్లూటూత్ కలవడం, పెన్‌డ్రైవ్ చదవడం, వైఫై... వీటిని చూసి ఎవరూ కారు కొనరు, లేకపోతే మాత్రం తిడతారు. అలాంటి వాటి మీద అందరూ విడివిడిగా డబ్బు తగలేయడం ఎందుకని 2009లో జెనివి అని కూటమి కట్టారు (ఇప్పుడు దాని పేరు కొవేసా). లినక్స్ అంటే కంప్యూటర్‌ని నడిపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 2012లో లినక్స్ ఫౌండేషన్ కింద కార్ల కోసం ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్ మొదలైంది. అమెరికాలో 2018 మోడల్ క్యామ్రీలో టొయోటా దాన్ని పెట్టింది. సుజుకి, మాజ్దా, హోండా, సుబారు కూడా అందులో చేరినవాళ్ళే. ఒకే పొయ్యి మీద అన్నం వండుకుని, కూర మాత్రం ఎవరిది వాళ్ళు చేసుకుంటున్నారు.

రావులపాలెం_రెంచి
అన్నం, కూర బాగానే ఉన్నాయి గానీ మమ్మల్ని వంటింట్లోకి రానివ్వట్లేదు కదండీ.

26 ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను. కార్బురేటర్ బండి వస్తే చెవితో వినేవాడిని. 2022 జూలై వరదకి లంకలో మునిగిన కారు ఒకటి నా దగ్గరికొచ్చింది. లైట్లు, డోర్లు చూసే కంట్రోల్ పెట్టె పోయింది. పాతది 4 వేలకి తెచ్చి బిగించాను. సాకెట్లు సరిపోయాయి, కరెంటు వెళ్తోంది, పెట్టె మాత్రం ‘నువ్వెవరు’ అంటోంది. కంపెనీ సర్వర్‌తో మాట్లాడించి ఆ బండికి జత కడితే గాని పలకదట. చివరికి లారీ ఎక్కించి రాజమండ్రి పంపాం. బిల్లు 38 వేలు. అందులో పెట్టె ఖరీదు సగం కూడా లేదు.

ఓబీడీ సాకెట్‌లో (బండి లోపాల కోడ్ నంబర్లు చదివే చోటు) పెట్టే 700 రూపాయల బ్లూటూత్ ముక్క నా దగ్గరా ఉంది. అది రోగం పేరు చెబుతుంది. మందు మాత్రం కంపెనీ బీరువాలోనే ఉంటుంది. ఓపెన్ ఓపెన్ అంటారు, నా షెడ్డులో తెరుచుకున్నది బానెట్ ఒక్కటే.

కాజా_కాకినాడ
ఈ వారం మాట ఇదే. రెంచి గారికి ఒక వీరతాడు.

గోదారోడు_బెంగళూరు
రెంచి బాబాయ్, ఆ జత కట్టడం దొంగతనాలు ఆపడానికి కూడా. విప్పి అమ్మేసిన పెట్టెలు ఏ బండికైనా తగిలించుకునేట్టు ఉంటే...

రావులపాలెం_రెంచి
దొంగల పేరు చెప్పి ఊళ్ళో అందరికీ తాళం వేశారు. దొంగలకి మాత్రం ఆ మిషన్ ఎప్పుడో దొరికింది బాబూ, నాకే దొరకలేదు.

లాకుల_మాస్టారు
నాకు కంప్యూటర్లు తెలియవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పినవాణ్ణి. మీరు చెబుతుంటే నాకు కాలువే కనబడుతోంది. నీరు అందరిదీ. తూము తాళం మాత్రం కాలువ చూసుకునే లస్కరు దగ్గర. బుజ్జి కారులోకి వచ్చిన నీరు ఊరుమ్మడిది, తలుపు కంపెనీది. నేను అర్థం చేసుకున్నది సరైనదేనా?

శివారు_రైతు
సగమే సరైనది మాస్టారూ. ఎగువవాడు మోటారు పెట్టి లాగితే మా శివారు చేలకు చుక్క రాదు. కోడ్ అలా కాదు, వంద కంపెనీలు తోడుకున్నా నా వాటా తగ్గదు. దానికి శివారు ఉండదు. వచ్చిన చిక్కల్లా పూడిక తీసేదెవరన్నదే. నీళ్ళు వాడుకునేవాళ్ళు వెయ్యి మంది, పార పట్టేవాడు ఒక్కడు.

గోదారోడు_బెంగళూరు
శివారు గారు సరిగ్గా అక్కడే కొట్టారు. కర్ల్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, నెట్ నుంచి డేటా తెచ్చి ఇచ్చేది. స్వీడన్‌కి చెందిన డానియల్ స్టెన్‌బర్గ్ మొదలుపెట్టారు. అది లేని కారు స్క్రీన్ ఈ రోజుల్లో వెతకాలి. లైసెన్సులో ఆయన ఈమెయిల్ ఉంటుంది కాబట్టి ప్రపంచంలో ఎక్కడెక్కడి కారు ఓనర్లో ‘నా కారు జీపీఎస్ పనిచేయట్లేదు’ అని ఆయనకి రాస్తుంటారు. పాపం ఆయన వాటిని తన బ్లాగులో పెడుతుంటారు.

చెరువుగట్టు_బుజ్జి
ఒక సంగతి చెప్పాలి. తిట్టొద్దు. ఆ రాత్రి ఆ లిస్టులో ఉన్న ఒకాయనకి నేను కూడా మెయిల్ కొట్టాను. ఈయన కాదులెండి, జర్మనీ పేరులా ఉంది.

కాజా_కాకినాడ
😂😂😂 ఏ భాషలో?

చెరువుగట్టు_బుజ్జి
ఇంగ్లీషే. కాస్త కోపంగా.

అనుమానపు_పక్షి
ఇదంతా నవ్వులాట కాదు. 2015లో ఇద్దరు సెక్యూరిటీ నిపుణులు, చార్లీ మిల్లర్, క్రిస్ వలసెక్, ఇంట్లో సోఫాలో కూర్చుని రోడ్డు మీద పోతున్న జీప్ చెరోకీని నెట్ ద్వారా లొంగదీశారు. కంపెనీ 14 లక్షల బండ్లు వెనక్కి పిలిచింది. ఎవరు పడితే వాళ్ళు చదవగలిగే కోడ్ కారులో పెడితే అంతే మరి.

పూతరేకు99
ఆ జీప్ స్క్రీన్‌లో నడిచింది లినక్స్ కాదండి, క్యూనెక్స్. అది అమ్ముకునే సరుకు, మూసి ఉంచిన కోడ్. బయటి నెట్‌వర్క్‌కి ఒక తలుపు తెరిచి వదిలేయడం అక్కడి తప్పు. తెరిచి ఉన్న తలుపేమో డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు), అది ఓపెన్ సోర్స్ ముక్కే! కాబట్టి రెండు పక్షాలూ ఆ కథని తమకు కావలసినట్టు చెప్పుకోవచ్చు.

అనుమానపు_పక్షి
సరే, 2024 మార్చి మాటేంటి? ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ముక్కని (ఫైళ్ళని కుదించేది) ఒకే ఒక్కాయన ఖాళీ టైములో చూసుకుంటూ అలిసిపోతే, సాయం చేస్తానని ఒకడు చేరాడు. రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి దొంగదారి పెట్టేశాడు. శివారు గారి పూడిక కథే. పార పట్టడానికి వచ్చినవాడే గట్టుకి గండి కొట్టాడు.

గోదారోడు_బెంగళూరు
దొరికింది ఎలాగో కూడా చెప్పండి మరి. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు తన మిషన్‌లో లాగిన్ ఒక అర సెకను లేటవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయాడు. కోడ్ బయట ఉంది కాబట్టి అతను ఎవరినీ అడగకుండా చూడగలిగాడు. ఇప్పుడు యూరప్‌లో కొత్త కార్లకు ఆర్155 అనే ఐక్యరాజ్యసమితి నిబంధన ఉంది. లోపాలు కనిపెట్టి సరిచేసే ఏర్పాటు కంపెనీ దగ్గర ఉందని చూపాలి. 2024 జూలై నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నిటికీ వర్తిస్తోంది. దాంతో మా ఆఫీసులో ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ వెర్షనో చిట్టా రాయడమే ఒకరి పూర్తి ఉద్యోగం. రేషన్ షాపు రిజిస్టరు కంటే పెద్దది.

గూడెం_డీజిల్
అయితే బ్రేకులు కూడా ఈ ఊరుమ్మడి కోడ్ మీదేనా? అది చెప్పండి ముందు.

గోదారోడు_బెంగళూరు
కాదండి. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ చూసే పెట్టెలు వేరు. వాటిలో చిన్న సాఫ్ట్‌వేర్, ఫలానా పని ఫలానా మిల్లీసెకన్లలో జరిగి తీరాలని లెక్క కట్టి రాసింది. ఐఎస్ఓ 26262 అనే ప్రమాణం ప్రకారం ప్రతి అడుగుకీ కాగితం చూపాలి. లినక్స్ లాంటి కొండంత దానికి ఆ కాగితాలు ఎలా పుట్టించాలన్నదే పెద్ద తలనొప్పి. దాని మీద ఎలీసా అని 2019 నుంచి ఒక ప్రాజెక్టు నడుస్తోంది. నా సొంత అభిప్రాయం అడిగితే, బ్రేకు దాకా లినక్స్ రావాల్సిన అవసరమే లేదు. మా మేనేజరు ఒప్పుకోడు.

పూతరేకు99
బుజ్జి అంకుల్, మీరు సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత) అడగొచ్చు తెలుసా? లినక్స్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది. కారులో దాన్ని పెట్టి అమ్మినవాళ్ళు సోర్స్ కూడా ఇవ్వాలి, లేదా అడిగినవాళ్ళకి ఇస్తామని మూడేళ్ళకు తగ్గకుండా రాతపూర్వకంగా మాటివ్వాలి. టెస్లా కూడా చాలాకాలం అడిగించుకుని 2018లో కొంత బయటపెట్టింది.

మా నాన్న కారుకి నేను అడిగాను, భీమవరంలో ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉండగా. మొదటి మెయిల్‌కి ‘మీ దగ్గరి డీలర్‌ను సంప్రదించండి’ అని వచ్చింది. డీలర్ నన్ను కాలేజీ ప్రాజెక్టు కోసం వచ్చిన పిల్ల అనుకుని సీట్ కవర్లు చూపించాడు. నాలుగు నెలలకి ఒక లింక్ వచ్చింది. జిప్ ఫైల్ విప్పితే కెర్నల్ ఉంది, చిల్లర ముక్కలు ఉన్నాయి. స్క్రీన్ మీద మనం చూసే మెనూలు, కెమెరా యాప్, ఏసీ బటన్లు ఏవీ లేవు. అవి కంపెనీ సొంతం, ఇవ్వక్కర్లేదు.

సరే ఉన్నదాన్నే మార్చి తిరిగి కారులో పెడదామంటే పెట్టలేం. కంపెనీ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆ పెట్టె రానివ్వదు. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్ ఇందుకే పుట్టింది. ఇంటి వాడకానికి అమ్మిన వస్తువులో ఆ కోడ్ పెడితే, మార్చి తిరిగి ఎక్కించుకునే మార్గం కూడా ఇవ్వాలంటుంది. కార్ల కంపెనీలు మూడో వెర్షన్ పేరు చెబితేనే దూరం జరిగిపోతాయి.

రావులపాలెం_రెంచి
చెల్లెమ్మా, అంటే పుస్తకం ఇచ్చారు గానీ కలం లాక్కున్నారు.

లాకుల_మాస్టారు
లస్కరు నాకు తాళం ఇవ్వడు, తూము ఎలా తయారు చేశారో బొమ్మ మాత్రం ఇస్తాడు.

గోదారోడు_బెంగళూరు
కంపెనీలు తీసుకోవడమే గానీ ఇవ్వవని ఎవరూ అనకముందే ఒకటి చెప్పేస్తాను. కారులో పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ తీగ బాష్ తెచ్చింది. ఆ మాటలు వినడానికి లినక్స్‌లో ఉన్న సాకెట్‌క్యాన్ ఫోక్స్‌వాగన్ పరిశోధన విభాగం రాసిచ్చింది, 2008 నుంచి కెర్నల్‌లోనే ఉంది. 2025 జూన్‌లో జర్మనీలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఫోక్స్‌వాగన్, బాష్ సహా 11 కంపెనీలు కలిసి సాఫ్ట్‌వేర్ రాసుకుంటామని ఒప్పందం రాసుకున్నాయి. దానం కాదు, ఖర్చు తట్టుకోలేకే. అయినా లాభం మనకీ ఉంది.

పూతరేకు99
సాకెట్‌క్యాన్ నిజంగా బంగారం. కారే అక్కర్లేదు, లాప్‌టాప్‌లో ఉత్తుత్తి క్యాన్ తీగ సృష్టించుకుని నేర్చుకోవచ్చు. మా బ్యాచ్‌లో ఐదుగురం అలాగే నేర్చుకున్నాం. రెంచి మావయ్యా, ఒక ఆదివారం మీ షెడ్డుకి వస్తాం. సావీక్యాన్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, ఏ స్విచ్ నొక్కితే తీగలో ఏం మారుతోందో చూపిస్తుంది. తాళాలు విప్పదు గానీ రోగం ఎక్కడుందో కోడ్ నంబరు కంటే బాగా చెబుతుంది.

రావులపాలెం_రెంచి
రండి. అరటిపళ్ళు నావి.

కాజా_కాకినాడ
ఓపెన్‌పైలట్ అని కారు దానంతట అదే నడిచే ఓపెన్ సోర్స్ ఉందట కదా. మన ఏటిగట్టు మీద వదిలితే?

గోదారోడు_బెంగళూరు
దానంతట అది నడవదు. 2016లో కామా అనే కంపెనీ కోడ్ బయటపెట్టింది. రోడ్డు గీతలు, ముందు బండి చూసి స్టీరింగ్, వేగం పట్టుకుంటుంది. డ్రైవరు కళ్ళు రోడ్డు మీదే ఉండాలి.

శివారు_రైతు
గీతలా? మా రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. మిగతా సగంలో బాతుల మంద. దాని కెమెరాకి బాతులు ఏ వెర్షన్‌లో తెలుస్తాయి?

కాజా_కాకినాడ
ఎదురుగా కొబ్బరి డొక్కల ట్రాక్టరు వస్తే కారు స్క్రీన్ మీద ‘అడవి కనబడుతోంది’ అని పడుతుంది.

లంకదారి
మ్యాపుల సంగతి కూడా ఇంతే. నా కారులో వచ్చిన మ్యాప్ ఒకసారి సఖినేటిపల్లి రేవు దగ్గర నేరుగా ముందుకు పొమ్మంది. ముందున్నది వశిష్ఠ. పంటు కోసం ఆగాలని దానికి తెలియదు. ఆ కోపంతోనే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరి మా లంకలో కల్వర్టులు, పుంత దారులు, రేవులు నేనే గుర్తించాను. తప్పు కనబడితే ఆ రాత్రే దిద్దొచ్చు. కారులోని మ్యాప్‌కి ఫిర్యాదు రాసి రెండేళ్ళయింది, ఇంకా గోదాట్లోకే పొమ్మంటోంది.

గోదారోడు_బెంగళూరు
అసలు విషయానికొద్దాం. బుజ్జి గారూ, కెమెరా రానిది ఎప్పుడు? పొద్దున్న స్టార్ట్ చేసిన వెంటనేనా, కాసేపు నడిచాక కూడానా? ఎందుకంటే లినక్స్, ఆండ్రాయిడ్ లేవడానికి టైము పడుతుంది. అమెరికాలో 2018 మే నుంచి రివర్స్ వేసిన 2 సెకన్లలో వెనక బొమ్మ రావాలని రూలు. అందుకని చాలా డిజైన్లలో పెద్ద సిస్టం లేచేలోగా కెమెరా బొమ్మ చూపించడానికి వేరే చిన్న ఏర్పాటు పెడతారు. అప్‌డేట్‌లో అది చెడి ఉండొచ్చు.

చెరువుగట్టు_బుజ్జి
పొద్దున్నే ఎక్కువండి. ఎండెక్కాక కాస్త నయం. కానీ నిన్న మధ్యాహ్నం కూడా నల్లగా వచ్చింది.

రావులపాలెం_రెంచి
ఎండెక్కితే నయం అంటున్నారు. అది సాఫ్ట్‌వేర్ కాదు, తేమ. వానలో వచ్చానని మొదటి పోస్టులో మీరే రాశారు. కారు రాత్రంతా చెరువుగట్టు మీదే పెడతారా?

చెరువుగట్టు_బుజ్జి
ఇంకెక్కడ పెడతానండి. ఏరేటర్ల పక్కనే. తుంపర పడుతుంది కొంచెం.

రావులపాలెం_రెంచి
డిక్కీ తలుపు లోపలి అట్ట విప్పి, కెమెరా నుంచి వచ్చే సాకెట్ ఊడదీసి చూడండి. వారంటీలో ఉంది కాబట్టి మీరు విప్పకండి, షోరూములో విప్పించండి. ‘అప్‌డేట్’ అనకండి, ‘సాకెట్ చూడండి’ అనండి.

గోదారోడు_బెంగళూరు
బాబాయ్, అప్‌డేట్ అయిన రోజు నుంచే వచ్చిందంటున్నారు కదా. వంద రూపాయల పందెం, సాఫ్ట్‌వేరే.

కాజా_కాకినాడ
నేను రెంచి గారి వైపు. 200.

చెరువుగట్టు_బుజ్జి
మూడు రోజులైంది, షోరూము నుంచి ఇప్పుడే వచ్చాను. విప్పించాను. సాకెట్‌లో పచ్చగా చిలుము. తుడిచి, ఏదో గ్రీజు పెట్టి బిగించారు, రబ్బరు మార్చారు. వారంటీలోనే, పైసా తీసుకోలేదు. ఇప్పుడు కెమెరా ప్రతిసారీ వస్తోంది. కానీ పొద్దున్న మొదటిసారి మాత్రం నాలుగైదు సెకన్లు నల్లగా ఉండి అప్పుడు వస్తోంది. ముందు అలా ఉండేది కాదు.

గోదారోడు_బెంగళూరు
చూశారా, ఆ నాలుగు సెకన్లు నావి! 50 ఇస్తాను.

రావులపాలెం_రెంచి
100 అన్నావు బాబూ.

చెరువుగట్టు_బుజ్జి
ఇంకోటి. ఆ జర్మనీ ఆయన జవాబిచ్చాడు. తను రాసింది ఫైళ్ళ తేదీలు సరిచూసే చిన్న ముక్కేనట, ఇరవై ఏళ్ళ కిందటిది, కెమెరాతో సంబంధం లేదట. అది కార్లలో ఉందని ఆయనకే తెలియదట. ఏ కారో ఫోటో పంపమన్నాడు. సారీ చెప్పి, చెరువు పక్కన కారు ఫోటో పంపాను. ఇక్కడా పెడుతున్నాను.

పూతరేకు99
ఎంత మంచాయన! వచ్చే పంటకి రెండు కేజీలు పార్సిల్ పంపండి అంకుల్.

శివారు_రైతు
బుజ్జి గారూ, ఫోటోలో వెనక తిరుగుతున్న ఏరేటర్ నాలుగు రెక్కలదా, ఆరు రెక్కలదా? ఎంతకి తీసుకున్నారు?